బ్రేక్ చెప్పే మనిషి వెనక ఎవరున్నారు?

యాభై అయిదు నిమిషాలు పనిచేస్తే అయిదు నిమిషాల విరామం. ఏకబిగిన ఎనభై నిమిషాలు చేస్తే పది నిమిషాలు. అమెరికాలో నటులకూ స్టేజ్ మేనేజర్లకూ కలిపి ఉన్న యూనియన్ పేరు యాక్టర్స్ ఈక్విటీ అసోసియేషన్. రిహార్సల్స్ విషయంలో అది నాటక సంస్థలతో కుదుర్చుకున్న నిబంధన ఇది. చదవడానికి ఒక్క లైను. కానీ కన్నీళ్ల సీనులో మునిగిపోయిన నటి ఎదురుగా, సీను ఇప్పుడే దారికొచ్చిందని సంబరపడుతున్న దర్శకుడి పక్కన నిలబడి, "బ్రేక్, అయిదు నిమిషాలు" అని పైకి అనడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి స్టేజ్ మేనేజర్. చికాగోలో నేను చేసే పని అదే. ఆ మాట అనే ధైర్యం ఎక్కడినుంచి వస్తుందో తెలుగు పాఠకులకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నాటకాల్లో పనిచేస్తున్నానంటే తెనాలిలో మావాళ్లు మొదట అడిగేది "ఏం వేషం వేస్తావమ్మా?" అని. వేషం వేయను, దర్శకత్వం చేయను అంటే, మరి అక్కడ నీకేం పని అని ఆగిపోతారు. కాబట్టి ముందు పని గురించి చెప్పాలి. రిహార్సల్స్ మొదలుకాకముందే నేను ఖాళీ గదిలోకి వెళ్లి టేపుతో నేల మీద ఇల్లు కడతాను. సెట్ డిజైనర్ ఇచ్చిన ప్లాను చూసి, కొలతలు వేసుకుని, గోడ ఎక్కడ, గుమ్మం ఎక్కడ, మెట్లెక్కడ అని గుర్తులు పెడతాను. మొదటి అంకానికి నీలం టేపు, రెండో అంకానికి ఎర్ర టేపు. నటులు కొన్ని వారాలపాటు ఆ గీతల మధ్యనే తిరుగుతారు. ఎవరు ఏ మాట దగ్గర లేచారు, ఏ మాట దగ్గర కిటికీ వైపు నడిచారు, గ్లాసు ఏ చేత్తో పట్టుకున్నారు అన్నదంతా ప్రాంప్ట్ బుక్‌లో రాస్తాను. పెన్సిల్‌తోనే రాస్తాను, ఎందుకంటే రేపు అదంతా మారుతుంది. ఎవరైనా డైలాగు మర్చిపోతే అందిస్తాను. ఎవరికి ఏ గంటకు కాస్ట్యూమ్ కొలతలు, ఎవరు ఎన్నింటికి రావాలి, ఎవరి మోకాలికి ఐసు పెట్టాలి, అన్నీ నా దగ్గరే ఉంటాయి. రాత్రి అందరూ వెళ్లిపోయాక ఆరోజు జరిగినదంతా రిపోర్టు రాసి లైట్ల వాళ్లకు, సౌండు వాళ్లకు, ప్రాప్స్ వాళ్లకు, ఆఫీసుకు పంపుతాను.

ప్రదర్శనలు మొదలయ్యాక పని తీరు మారుతుంది. ఆట మొదలవడానికి అరగంట ముందు నటులందరూ వచ్చి సంతకాలు పెట్టారో లేదో చూస్తాను. కొట్లాట సీనుంటే, అది నిన్న రాత్రి ఆడిన నాటకమే అయినా సరే, ఈరోజు మళ్లీ ఒకసారి నిదానంగా చేయించాకే ప్రేక్షకులను లోపలికి వదులుతాం. తర్వాత హెడ్‌సెట్ తగిలించుకుని, చిన్న లైటు కింద పుస్తకం తెరిచి కూర్చుంటాను. "లైట్స్ 42, సౌండ్ 18, స్టాండ్‌బై." అవతలినుంచి ఇద్దరు ఆపరేటర్లు సిద్ధమంటారు. నటి ఊపిరి తీసుకుని కిటికీ వైపు తిరిగే క్షణం కోసం చూసి "గో" అంటాను. వెలుతురు మారుతుంది, వాన చప్పుడు మొదలవుతుంది. ఆ "గో" అనే మాటను హెడ్‌సెట్‌లో ఇంక దేనికీ వాడం. పొరపాటున వినబడితే పైనుంచి సెట్ ముక్క దిగవచ్చు, దాని కింద మనిషి ఉండవచ్చు. పెద్ద మ్యూజికల్స్‌లో ఇలాంటి సూచనలు, అంటే క్యూలు, వందల్లో ఉంటాయి. మొదటి ప్రదర్శన అయ్యాక దర్శకుడు మరో ఊళ్లో మరో నాటకానికి వెళ్లిపోతాడు. ఆయన తీర్చిన నాటకం వారానికి ఎనిమిది ఆటలు, చివరి ఆట దాకా, అదే తీరుగా నడిపించాల్సింది స్టేజ్ మేనేజరే. ఎవరికైనా జబ్బు చేస్తే వాళ్లకు బదులుగా ఆడే అండర్‌స్టడీని తయారుచేసి నిలబెట్టాల్సిందీ ఆమే.

ఇంత పని ఉన్న మనిషి నటుల యూనియన్‌లో ఎందుకుంది? ఈ ప్రశ్న అమెరికాలో కూడా కొత్తగా వచ్చిన వాళ్లు అడుగుతారు. తెర వెనక పనిచేసే వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు, సెట్లు లాగేవాళ్లకు 1893 నుంచీ వేరే యూనియన్ ఉంది. దాన్ని అందరూ అయాట్సీ అంటారు. ఒపెరాలో, బ్యాలేలో పనిచేసే స్టేజ్ మేనేజర్లు గాయకులూ నర్తకులతో కలిసి ఆగ్మా అనే యూనియన్ కింద ఉంటారు. నాటకాల స్టేజ్ మేనేజర్లు మాత్రం నటులతోనే ఈక్విటీలో ఉన్నారు. దీని వెనక చరిత్ర ఉంది.

1913 మే 26న న్యూయార్క్‌లో 112 మంది నటులు కలిసి ఈక్విటీని పెట్టుకున్నారు. అప్పటి పరిస్థితి మన పాతకాలపు కళాకారులకు చెబితే వెంటనే అర్థమవుతుంది. రిహార్సల్స్‌కి డబ్బులుండవు, అవి ఎన్ని వారాలు సాగుతాయో చెప్పేవాళ్లుండరు. చాలామంది నటులు తమ దుస్తులు తామే కొనుక్కోవాలి. ఊరూరా తిరిగే నాటకం వసూళ్లు లేక దారిలో ఆగిపోతే, ఇంటికి తిరిగెళ్లడానికి రైలు టికెట్టు కూడా ఇవ్వరు. అడిగితే నిర్మాతలు వినలేదు. 1919 ఆగస్టు 7న నటులు పని ఆపేశారు. న్యూయార్క్ నాటకాల కేంద్రం బ్రాడ్‌వేలో ఆడుతున్న నాటకాలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి, చికాగోకు కూడా సమ్మె పాకింది. కోరస్ అమ్మాయిలను కూడగట్టడానికి నటి మేరీ డ్రెస్లర్ ముందుకొచ్చింది, ఎథెల్ బ్యారిమోర్ లాంటి పెద్ద తార వాళ్ల పక్షాన నిలబడింది. నటుడూ నిర్మాతా అయిన జార్జ్ ఎం. కోహన్ అంతటి ప్రసిద్ధుడు ఎదురు నిలిచి పోటీ సంఘం పెట్టించాడు. తెర లాగేవాళ్లూ వాయిద్యకారులూ సానుభూతిగా బయటికి వచ్చేశాక నిర్మాతలకు దారి లేకపోయింది. సెప్టెంబర్ 6న సమ్మె ముగిసింది, ఈక్విటీని నిర్మాతలు గుర్తించారు. రిహార్సల్స్‌కి డబ్బులు రావడానికి మాత్రం 1930ల దాకా ఆగాల్సి వచ్చింది. పింఛను కోసం 1960లో మరోసారి బ్రాడ్‌వే చీకటైంది.

ఆ సమ్మె జరిగిన మరుసటి ఏడాది, 1920 నుంచి, స్టేజ్ మేనేజర్లను ఈక్విటీ తనలో కలుపుకుంది. ఇది ఏదో పక్కనున్న వాళ్లను చేర్చుకోవడం కాదని నా నమ్మకం. సమ్మె చేసి సాధించుకున్నవాటిలో చాలా కాలానికి సంబంధించినవి. ఎన్ని వారాలు, ఎన్ని గంటలు, ఎప్పుడు విరామం, ఎప్పుడు సెలవు. వాటిని కాగితం మీద రాయించుకోవడం ఒక ఎత్తు. రిహార్సల్ గదిలో రోజూ గడియారం చూసి అమలు చేయించడం మరో ఎత్తు. అది చేసే మనిషి ఉద్యోగం యజమాని దయమీద ఉంటే, గోడ మీద నిబంధన ఉంటుంది గానీ గదిలో ఉండదు.

స్టేజ్ మేనేజర్ యాజమాన్యం మనిషి కదా, యూనియన్‌లో ఎలా ఉంటుంది అనే వాదన నేను చాలాసార్లు విన్నాను. షెడ్యూలు వేసేది ఆమె, ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు రిపోర్టులో రాసేది ఆమె, నటులకు నోట్సు ఇచ్చేది ఆమె. నిజమే. కానీ ఎవరినీ పనిలో పెట్టుకునే అధికారం ఆమెకు లేదు, తీసేసే అధికారం లేదు, ఎవరి జీతమూ ఆమె నిర్ణయించదు. నాటకం ఆగిపోతే నటులతోపాటే ఆమె కూడా ఖాళీ చేతులతో ఇంటికి వెళ్తుంది. కొత్త నాటకం మొదటిరోజు యూనియన్ సమావేశం జరుగుతుంది. యాజమాన్యం తరఫు వాళ్లంతా బయటికి వెళ్లాక నటులు తమలో ఒకరిని రహస్య ఓటుతో యూనియన్ ప్రతినిధిగా, అంటే డెప్యూటీగా, ఎన్నుకుంటారు. ఆ సమయంలో నేను గదిలోనే ఉంటాను. ఏ పక్షం మనిషినో తేల్చుకోవడానికి నాకది చాలు.

యూనియన్ లేని చోట ఏం జరుగుతుందో చికాగోలో బాగా తెలుస్తుంది. ఈ నగరంలో పెద్ద థియేటర్లు ఎంత పేరున్నవో, దుకాణం గదుల్లో, చర్చిల కింది అంతస్తుల్లో యాభై కుర్చీలు వేసి ఆడే చిన్న థియేటర్లు అంత పేరున్నవి. వాటిని స్టోర్‌ఫ్రంట్ థియేటర్లంటారు. చాలావాటికి ఈక్విటీతో ఒప్పందం ఉండదు. ఇక్కడి నాటకాలకిచ్చే జెఫ్ అవార్డులే ఈక్విటీ సంస్థలకు వేరు, కానివాటికి వేరు. నేను హెచ్-4 వీసా మీద భర్తతో ఈ దేశం వచ్చినప్పుడు సంపాదించుకునే హక్కు లేదు. ఇంట్లో కూర్చోలేక ఇలాంటి ఒక చిన్న థియేటర్లో కుర్చీలు సర్దడానికి వెళ్లాను. ప్రాంప్ట్ బుక్ పట్టుకోవడం అక్కడే నేర్చుకున్నాను. గ్రీన్ కార్డు వచ్చాక అలాంటి చోట్లే డబ్బు తీసుకుని పనిచేశాను. ఎనిమిది వారాల పనికి మొత్తం 500 డాలర్లు ఇచ్చిన చోటు ఉంది. ఈ నగరంలో 2025 జులైలో కనీస వేతనం గంటకు 16.60 డాలర్లయింది. గంటల లెక్కన చూస్తే నాకు ముట్టింది అందులో ఏ మూలకూ రాదు. దాన్ని జీతమనరు, స్టైపెండ్ అంటారు. ఇచ్చేవాళ్లు దుర్మార్గులని నేననను. వాళ్లలో చాలామంది పగలు కాఫీ షాపుల్లో పనిచేసి రాత్రి నాటకం ఆడేవాళ్లే. అయినా ఆ పద్ధతి మనుషులను అరగదీస్తుంది.

అలాంటి ఒకచోట టెక్ రోజుల్లో జరిగింది చెబుతాను. లైట్లూ సౌండూ నటులతో కలిపి మొదటిసారి చూసుకునే రోజుల్ని టెక్ అంటాం. రాత్రి పదకొండు దాటింది. నిచ్చెన మీదినుంచి దిగే సీను మళ్లీ మళ్లీ చేయిస్తున్నారు. నటి కాళ్లు వణుకుతున్నాయి. ఆపుదామని నేను అన్నాను. ఆ థియేటర్ నడిపే పెద్దమనిషి తల కూడా తిప్పకుండా "ఇంకో పది నిమిషాలు" అన్నాడు. మళ్లీ చెప్పాను, మళ్లీ అదే జవాబు. చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు, ఫోన్ చేయడానికి ఒక్క ఆఫీసు లేదు. ఆ అమ్మాయి కింది మెట్టు తప్పి మడమ మీద పడింది. ఆస్పత్రి బిల్లు ఎవరు కట్టాలన్న మాట అక్కడ ఎవరూ ఎత్తలేదు. మూడు రోజుల తర్వాత కట్టుతోనే ఆడింది. చేతికి గడియారం ఉండి కూడా అధికారం లేకపోతే ఎలా ఉంటుందో నాకు ఆ రాత్రి తెలిసింది.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 2016లో చికాగో రీడర్ అనే వారపత్రిక ఇక్కడి ఒక చిన్న థియేటర్లో ఏళ్ల తరబడి నటీమణులను రంగస్థలం మీదా బయటా హింసించారన్న ఆరోపణలను పెద్ద కథనంగా వేసింది. కొట్లాట సీన్లలో దెబ్బలు నిజంగానే తగిలేవని అందులో పనిచేసినవాళ్లు చెప్పారు. కొద్దిరోజుల్లోనే ఆ థియేటర్ మూతపడింది. ఆ కథనానికి ముందే ఇద్దరు నటీమణులు మొదలుపెట్టిన 'నాట్ ఇన్ అవర్ హౌస్' ఉద్యమం నుంచి 2017లో చికాగో థియేటర్ స్టాండర్డ్స్ అనే పత్రం వచ్చింది. ఫిర్యాదు ఎవరికి చేయాలి, కొట్లాట సీన్లు ఎలా చేయించాలి, ఆడిషన్‌లో ఏం అడగకూడదు అన్నవి అందులో ఉన్నాయి. మంచి పత్రం. చిన్న థియేటర్లు చాలా వరకు దాన్ని మనస్ఫూర్తిగా తీసుకున్నాయి. కానీ దాన్ని పాటించడం వాళ్లిష్టం. ఇష్టం లేనివాళ్లను పాటించేలా చేసే బలం దానికి లేదు.

మరి యూనియన్‌లో చేరిపోవచ్చు కదా అంటారు. దశాబ్దాలపాటు అది అంత తేలిక కాదు. యూనియన్ ఉద్యోగం దొరకాలంటే సభ్యత్వ కార్డు ఉంటే మేలు, కార్డు రావాలంటే యూనియన్ ఉద్యోగం దొరకాలి. లేదంటే ఈక్విటీ థియేటర్లలో అభ్యర్థిగా వారాలు లెక్కపెట్టుకుంటూ పోవాలి. ఒకప్పుడు 50 వారాలు కావాలనేవారు, తర్వాత 25కి తగ్గించారు. ఆ తక్కువ డబ్బుల వారాలు భరించగలిగేది ఎవరు? ఇంట్లో అమ్మానాన్నలు అద్దె కట్టగలిగిన పిల్లలు. పని ఇప్పించేది ఎవరు? తమకు తెలిసిన వాళ్లనే సిఫారసు చేసే పాత స్టేజ్ మేనేజర్లు. ఫలితం ఈక్విటీ తన లెక్కల్లోనే చూసుకుంది: 2016 నుంచి 2019 దాకా అమెరికా మొత్తం మీద ఒప్పందాలు పొందిన స్టేజ్ మేనేజర్లలో 76 శాతం శ్వేతజాతీయులు, నల్లజాతివాళ్లు 2.63 శాతం. నాలాంటి దక్షిణాసియా మనిషి గదిలో తనలాంటి ఇంకొకరిని చూడకుండానే ఏళ్లు గడపవచ్చు.

2021 జులైలో ఈక్విటీ తలుపు తెరిచింది. అమెరికాలో ఎక్కడైనా సరే, నటులుగానో స్టేజ్ మేనేజర్లుగానో డబ్బు తీసుకుని పనిచేసినట్టు చూపిస్తే చాలు, సభ్యత్వం ఇస్తామంది. ఓపెన్ యాక్సెస్ అని దానికి పేరు. పాత సభ్యుల్లో కొందరికి కోపం వచ్చింది. మేము అన్ని వారాలు కష్టపడి సంపాదించుకున్న కార్డు ఎవరికి పడితే వాళ్లకిస్తారా అన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది గానీ వాళ్ల తర్కం ఒప్పుకోలేను. బయట వందల మంది 500 డాలర్లకు పనిచేస్తున్నంతకాలం లోపల ఉన్నవాళ్ల బేరసారాలకు కూడా బలం ఉండదు. ఆ తలుపు మళ్లీ ఎప్పటికీ బిగించకూడదు.

నేను చేరింది ఆ తలుపులోంచే. అయినా కాగితాలు నింపే ముందు చాలా రాత్రులు ఆలోచించాను. చేరేటప్పుడు కట్టాల్సింది వెయ్యిన్నర డాలర్లకు పైమాటే. ఏటా చందా, దానిపైన సంపాదనలో రెండున్నర శాతం. అది పెద్ద విషయం కాదు. అసలు విషయం, కార్డు తీసుకున్నాక యూనియన్ ఒప్పందం లేని చోట పనిచేయకూడదు. నాకు పని నేర్పిన చిన్న థియేటర్లన్నిటికీ దూరం కావాలి. పెద్ద థియేటర్లలో స్టేజ్ మేనేజర్ కుర్చీలు తక్కువ, ఒకసారి కూర్చున్నవాళ్లు ఏళ్ల తరబడి లేవరు. కార్డు ఉండి పని లేకుండా కూర్చునే ప్రమాదం నిజమైనది. నా స్నేహితుల్లో కొందరు ఆ భయంతోనే ఇప్పటికీ చేరలేదు. వాళ్లను నేను తప్పుపట్టను. చిన్న థియేటర్లు భరించగలిగే ఒప్పందాలు ఈక్విటీ ఇంకా ఎక్కువగా తయారుచేయాలి. యాభై కుర్చీల థియేటరుకు అయిదు వందల కుర్చీల ఒప్పందం చూపిస్తే అది యూనియన్‌కు దూరంగానే ఉండిపోతుంది.

కార్డు వచ్చాక నా మొదటి టెక్ వారంలో, ఒక రాత్రి పని ముగించాల్సిన సమయానికి దర్శకుడు నా వైపు తిరిగి ఇంకో పది నిమిషాలు అడిగాడు. మర్యాదగానే అడిగాడు. ఓవర్‌టైమ్ అవుతుంది, ప్రొడక్షన్ మేనేజర్‌ని అడుగుతాను అన్నాను. ప్రొడక్షన్ మేనేజర్ గడియారం చూసి, వద్దు, రేపు చేసుకుందాం అన్నాడు. దర్శకుడు నవ్వి పుస్తకం మూసేశాడు. గొడవ లేదు, ఎవరి మీదా ఎవరికీ కోపం లేదు. నిబంధన గట్టిగా ఉన్నచోట మనుషులు ఒకరితో ఒకరు మృదువుగా ఉండగలరని నాకు అక్కడ తెలిసింది. మర్నాడు పొద్దున ఆ సీను మొదటిసారికే కుదిరింది కూడా.

అలాగని అంతా బాగుందని రాయలేను. టెక్ రోజుల్లో పన్నెండు గంటల వ్యవధిలో పది గంటలు పనిచేయించుకునే ఆనవాయితీ ఇక్కడ పాతది. నటులకు అది పది గంటలే. స్టేజ్ మేనేజర్ వాళ్లకన్నా ముందు వచ్చి, వాళ్లు వెళ్లాక రిపోర్టు రాసి, మర్నాటి షెడ్యూలు పంపి ఇల్లు చేరేసరికి అది పద్నాలుగు అవుతుంది. చాలా ఒప్పందాల్లో స్టేజ్ మేనేజర్ కనీస వేతనం నటుల కనీస వేతనం కన్నా ఎక్కువే, ముందస్తు తయారీ రోజులకు జీతం కూడా ఉంది. అయినా అర్ధరాత్రి ఫోన్‌లో వచ్చే మెసేజీలకు లెక్క లేదు. పసిబిడ్డలున్న తల్లులు ఈ వృత్తిని ఎందుకు వదిలేస్తున్నారో వేరే పరిశోధన అక్కర్లేదు, టెక్ వారం షెడ్యూలు చూస్తే చాలు. కోవిడ్ తర్వాత కొన్ని థియేటర్లు తమంతట తామే ఈ పది గంటల రోజులు మానేశాయి, కొన్ని రిహార్సల్స్‌ను వారానికి అయిదు రోజులకు తగ్గించాయి. వాటి నాటకాలు ఏమీ చెడిపోలేదు. అందుకే ఇది ఒక్కో థియేటర్ మంచితనం మీద ఆధారపడకూడదనీ, ఒప్పందంలోకి ఎక్కాలనీ నేను మా సమావేశాల్లో అడుగుతున్నాను. ఈక్విటీలో యాభై వేల పైచిలుకు సభ్యులుంటే వాళ్లలో స్టేజ్ మేనేజర్లు చిన్న భాగం. నటుల డిమాండ్లు పూర్తయ్యాక మా గంటల లెక్క చూద్దామనే ధోరణి అప్పుడప్పుడూ కనిపిస్తుంది. 2020ని స్టేజ్ మేనేజర్ సంవత్సరంగా యూనియన్ ప్రకటించుకుంది, మేము చేరి నూరేళ్లయిందని. ఆ మార్చి 12న కోవిడ్‌తో బ్రాడ్‌వే మూతపడింది, కొద్ది రోజుల్లో దేశమంతటా థియేటర్లు మూతపడ్డాయి. ఆ ఏడాది మా గురించి మాట్లాడాల్సిన మాటలు చాలావరకు మిగిలిపోయాయి. అవి ఇప్పుడు మాట్లాడాలి.

ఆరోగ్య బీమా సంగతి కూడా చెప్పాలి. ఏడాదిలో ఇన్ని వారాలు యూనియన్ ఒప్పందాల కింద పనిచేస్తేనే బీమా వస్తుంది. ఒక నాటకం అనుకున్నదానికన్నా ముందే మూతపడితే ఆ వారాలు నిండవు. చేతికి అందాల్సిన బీమా అలా జారిపోయినవాళ్లు నాకు తెలుసు. 2025లో బ్రాడ్‌వే నిర్మాతలతో ఈక్విటీ బేరసారాలు సమ్మె అంచుదాకా వెళ్లింది ప్రధానంగా ఆరోగ్య నిధికి నిర్మాతలు ఎంత కట్టాలన్న దాని మీదే. అక్టోబర్‌లో రాజీ కుదిరింది. నేను పనిచేసేది బ్రాడ్‌వేలో కాదు, కానీ అక్కడ కుదిరింది మెల్లగా మా దాకా వస్తుంది.

ఇదంతా రాస్తుంటే మా నాన్న గుర్తుకొస్తాడు. ఆయన పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. శివరాత్రికి, శ్రీరామనవమికి ఊళ్ల మీదికి వెళ్లేవాడు. రాత్రి పదికి మొదలవుతుందన్న నాటకం పన్నెండుకు మొదలయ్యేది. ఒకే రాత్రి రాయబారంలో ముగ్గురు కృష్ణులు. ఒక కృష్ణుడికి వన్స్‌మోర్లు పడితే తర్వాతి కృష్ణుడు మేకప్‌తో కాచుకు కూర్చునేవాడు. ఎవరు ఎప్పుడు రావాలి, ఏ పద్యం కుదించాలి, తెర వెనక ఇంకా వేషం కాలేదు కాబట్టి ఇంకో పాట సాగదీయాలా, ఇవన్నీ పెట్టె ముందు కూర్చున్న నాన్న కంటి సైగలతో నడిపేవాడు. నేను ఇప్పుడు హెడ్‌సెట్‌లో చేసే పనిలో సగం అదే. తెల్లారి బస్సెక్కేముందు కంట్రాక్టరు లెక్క చూసేవాడు. వాన పడి నాటకం సగంలో ఆగితే సగం డబ్బులు. జనం రాలేదంటే మరీ తక్కువ. రాత్రంతా కూర్చున్న మనిషికి మధ్యలో టీ అయినా ఇవ్వాలని ఎక్కడా రాసి లేదు. ప్రధాన వేషాలకు బయానా ముందే ముట్టేది, వాయిద్యాలవాళ్ల సంగతి ఆఖరున. ఆయనకు పింఛను లేదు. వేళ్లు వంకర్లు పోయాక పెట్టె అటక మీదికి చేరింది.

మనకు సంఘాలు తెలియనివి కావు. 2025 ఆగస్టులో తెలుగు సినిమా కార్మికులు 30 శాతం వేతన పెంపు అడిగి పద్దెనిమిది రోజులు షూటింగులు ఆపారు. ప్రభుత్వం మధ్యలోకి వచ్చాక మూడేళ్లలో 22.5 శాతానికి ఒప్పందం కుదిరింది. హైదరాబాదు కృష్ణానగర్‌లో లైట్‌బాయ్‌కి కార్డు ఉంది, యూనియన్ ఉంది, పని గంటల మీద మాట్లాడే నాయకుడున్నాడు. సినిమా కార్మికుల కోసం 1981లోనే పార్లమెంటు చట్టాలు చేసింది. సినిమాకన్నా ముందునుంచీ ఉన్న నాటకానికి ఆ రక్షణ అందలేదు. 1885లో పుట్టిన సురభి కుటుంబాలు తరతరాలుగా తెరలు కట్టి, తీగలు లాగి, మాయాబజార్ మాయలన్నీ తమ చేతులతోనే చూపించారు. వేషం వేసిన మనిషే లోపలికి వెళ్లి తీగ పట్టుకునేవాడు. కుటుంబమే సంస్థ కాబట్టి అన్ని తరాలు నెట్టుకొచ్చారు. కుటుంబం కానిచోట, అంటే మన పరిషత్తు నాటకాల్లో, పద్యనాటక సమాజాల్లో, హైదరాబాదులోని కొత్త నాటక బృందాల్లో, తెర వెనక సమయం చూసే మనిషికి పేరూ లేదు, డబ్బూ లేదు. కరపత్రం మీద 'రంగస్థల నిర్వహణ' అని ఒక పేరు వేస్తారు. ఆ పేరు తరచుగా దర్శకుడి స్నేహితుడిదో, ఖాళీగా ఉన్న నటుడిదో అయి ఉంటుంది.

అమెరికాలోని మన తెలుగు సంఘాల వేదికల మీద కూడా ఇదే చూస్తున్నాను. సాయంత్రం ఆరుకు కూచిపూడి అని రాస్తారు. గజ్జెలు కట్టుకుని, కిరీటం బరువుతో తల వాల్చి, రాత్రి పదిన్నర దాకా నడవాలో కూర్చున్న పిల్లలను ప్రతి ఏడాదీ చూస్తాను. గాయకుడికి, యాంకరుకు విమానం టికెట్లూ హోటలు గదులూ ఇస్తారు. వేదిక నడిపే మనిషికి మాత్రం ఒక వాలంటీరు బ్యాడ్జి.

ఈక్విటీ లాంటి సంస్థ మన దగ్గర రేపే పుట్టాలని నేను కోరడం లేదు. 112 మంది ఒకచోట కూర్చోవడానికి కూడా ఒక కాలం రావాలి. ఇప్పుడే చేయగలిగినవి ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు నాటకాలకు డబ్బులిచ్చేటప్పుడు, ఆ బడ్జెట్లో స్టేజ్ మేనేజర్ పారితోషికం విడిగా చూపించమని అడగవచ్చు. పరిషత్తులు బహుమతుల జాబితాలో ఆహార్యానికి, సంగీతానికి ఇచ్చిన చోటు రంగస్థల నిర్వహణకూ ఇవ్వవచ్చు. నాటక సమాజాలు ప్రతి ప్రదర్శనకూ ఒక్క పేజీ ఒప్పందం రాసుకోవచ్చు: ఎన్ని గంటలకు రావాలి, ఎన్నింటికి తెర లేస్తుంది, మధ్యలో విరామం ఎప్పుడు, దాన్ని ఎవరు ప్రకటిస్తారు, దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు ఎవరిది, వాన వస్తే ఎంత ఇస్తారు. ఆ పేజీ మీద నటుల సంతకాలతోపాటు హార్మోనిస్టు, తబలిస్టు, మేకప్ చేసేవాళ్లు, తెర లాగేవాళ్ల సంతకాలు కూడా ఉండాలి. రాయించేది ఎవరన్నది ముఖ్యం. అది కంట్రాక్టరు మనిషి కాకూడదు, బృందంలోని వాళ్లు తామే ఎన్నుకున్న మనిషి అయి ఉండాలి.

శ్రీరామనవమికి పందిళ్లు వేసి నాటకం ఆడించే కమిటీలకు నాదొక ప్రత్యేక విన్నపం. పది గంటలన్న నాటకాన్ని పదికే మొదలుపెట్టించండి. వాయిద్యాలవాళ్లకూ తెరవెనక వాళ్లకూ ఇవ్వాల్సింది తెర లేవకముందే, అందరి ఎదుటా, లెక్కపెట్టి ఇచ్చేయండి. రాత్రి రెండింటికి నాటకం ఆపి అందరికీ కాసేపు విశ్రాంతి, వేడి టీ ఇప్పించే బాధ్యత ఒక మనిషికి అప్పగించండి. ఆ మనిషి ఆపమన్నప్పుడు కమిటీ ప్రెసిడెంటు గారు కూడా ఆగాలి.